తోకచుక్క గాలి, పాతర గాలి

మా మేనత్త మొన్న మంగళవారం గిద్దలూరులో పోయింది. కబురు వచ్చేసరికి నేను జొన్నలు చెరుగుతున్నాను. చేట పక్కన పెట్టాను గానీ, ఆ తర్వాత ఏ పని చేయాలో తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు.

చిన్న వయసులోనే భర్త పోతే మా నాయన ఇంటికి వచ్చేసిన మనిషి. తాను అన్నం ముందు కూర్చునే ముందు పిల్లలందరినీ పేరుపేరునా పిలిచి చూసుకునేది. మాకు జ్వరం వస్తే, "నేనుండాను లే, పండుకో" అనేది. ఇక ఆ మాట అనేవాళ్లు నాకెవరూ లేరు.

హేలీ తోకచుక్క వచ్చిన ఏడాది నాకు పదేళ్లు. భూమి దాని తోకలోంచి పోతుందని, ఆ వెలుగును గాజుతో విడదీసి చూసిన దొరలకు అందులో విషవాయువు కనిపించిందని మార్కాపురంలో ఎవరో పత్రిక చదివి చెప్తే, నాయన విని వచ్చాడు. అప్పటికే మా ఊళ్లో తలుపుల సందులు పేడతో మెత్తుతున్నారు. నాయన జొన్నల పాతర మూత తీశాడు. నేలలో తవ్విన ఆ గోతిలో అందరం దాక్కుని పైన మూసుకుంటే విషం తగలదని ఆయన ఆశ. ముందుగా మూడేళ్ల తమ్ముణ్ణి గంపలో కూర్చోబెట్టి దింపాడు.

అత్త అప్పుడే చేని నుంచి వచ్చింది.

"ఒరే, దీపం దించి చూసినావా?"

"అంత పొద్దేదక్కా? చీకటి పడితే తోక తగుల్తాది."

"తోక దాకా ఎందుకురా, నువ్వే చంపేట్టుండావు!"

మూసి ఉంచిన పాతరలో చెడుగాలి ఉంటుంది. దింపిన దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. ఆ సంగతి నాయనకూ తెలుసు, భయంలో మరిచాడు. అంతలో లోపల తమ్ముడి ఏడుపు ఆగిపోయింది. గంప లాగితే ఖాళీగా వచ్చింది. అమ్మా నేనూ గోతి అంచుకు పరుగెత్తాం.

"నేను దిగుతానక్కా" అన్నాడు నాయన.

"నీ బరువు ఈ ఆడోళ్లు లాగగలరా? తాడు పట్టుకో. ఏడవబాక."

నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగింది. తమ్ముణ్ణి రొమ్ముకు అదుముకుని పైకి వచ్చింది. వాడి పెదాలు నల్లబడ్డాయి. వీపు చరిచింది, పేరు పెట్టి అరిచింది, మళ్లీ చరిచింది. చాలాసేపటికి వాడు దగ్గాడు.

ఆ తోకలో సయనోజన్ అనే విషవాయువు నిజంగానే ఉందని, అది మరీ పల్చన కాబట్టి మన గాలిని దాటి కిందికి రాలేదని మా అబ్బాయి చదువుకుని వచ్చి చెప్పాడు. ఆ సాయంత్రం అత్తకు ఇదేమీ తెలియదు. గాలిలో విషం వస్తుందని ఆమె కూడా నమ్మింది.

"లోపలికి రా వదినా, తలుపేస్తాను" అని అమ్మ బతిమాలింది.

"వీడికి గాలి కావాల" అంది అత్త.

పొద్దుగూకుతుంటే వాకిట్లో కూర్చుని, తన కళ్లు గట్టిగా మూసుకుని, తమ్ముడి ముఖాన్ని మాత్రం వీచే గాలికి ఎదురుగా తిప్పి పట్టుకుంది.