ముప్పావు జీబీ దొంగ

ప్రెస్సులో అందరూ ఆయన్ని ఆరొందల నలభై అనేవారు. పాత కంప్యూటర్లలో ఏ ప్రోగ్రామైనా ఆరొందల నలభై కేబీ మెమరీలోనే బతకాలి. ఫాంట్లు కొంత, మౌసు కొంత, ప్రింటరు కొంత తినేస్తే, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌కి చోటు చాలక మొండికేసేది. అప్పుడాయన వచ్చి ఏది ముందు ఎక్కాలో, ఏది పైకి జరగాలో వరస మార్చి రాసేవాడు. కిక్కిరిసిన బస్సులో కండక్టరు జనాన్ని సర్దినట్టే. రెండు కేబీ మిగిలిందంటే ఆ పూట ఆయన మొహం చూసి తీరాలి.

ప్రెస్సు ఓనరు ఆయన భార్యకు తమ్ముడు. బావ లేకపోతే ఇక్కడ పుస్తకమే లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. మెమరీ చవకయ్యాక ఆ మాట మానేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. కాకపోతే అక్క మొగుడు కాబట్టి తగలేయడానికి ఒక సాకు కావాలి.

అది దొరికింది. పది కంప్యూటర్లకూ నాలుగేసి జీబీల మెమరీ తెప్పించాడు. బిగించింది ఆయనే. మర్నాడు ఓనరు ఒక తెర ముందు కూర్చుని చూస్తే మూడుంపావే ఉంది. పదింటిలోనూ మూడుంపావే.

"బావా, మిగతా ముప్పావు ఏం చేశావ్?" అన్నాడు, అందరి ముందూ.

ఆయన నవ్వి, ఇది కంప్యూటర్ని నడిపే ముప్ఫై రెండు బిట్ల సిస్టమ్ హద్దని చెప్పాడు. వీధికి నాలుగొందల ఇంటి నంబర్లే ఉన్నాయనుకో, డెబ్భై అయిదు డిస్‌ప్లే కార్డు లాంటివాటికే పోతాయి, నంబరు లేని ఇంట్లో మనిషున్నా ఉత్తరం చేరదు అన్నాడు. ఎవరూ వినలేదు. సాక్ష్యం కోసం ఒక కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. సిస్టమ్ ఎక్కకముందు వచ్చే మొదటి తెర మీద నాలుగూ కనిపించింది, ఎక్కాక మళ్ళీ మూడుంపావే.

"మొదట నాలుగుండి తర్వాత మూడుంపావైందంటే, మధ్యలో తిన్నదెవరు బావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కంగారుపడి చెప్పిందే మళ్ళీ చెప్పసాగాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడని ఎవరో అన్నారు. చివరికాయన నావైపు తిరిగి, "వీడికి ఇదంతా నేర్పింది నేనే. వీణ్ణడుగు" అన్నాడు.

నాకు తెలుసు. వీధి ఉదాహరణతో సహా తెలుసు. ఓనరు నన్ను చూశాడు, నేను నాకు నేర్పినాయన కుర్చీని చూశాను.

"నాకంత లోతుగా తెలీదండీ" అన్నాను.

ఆ కుర్చీలోనే ఇప్పుడు కూర్చుని ఉన్నాను.

ఇంట్లో ఆయన భార్య అరవలేదు. అరిచినా బాగుండేదని ఒకసారి బస్టాపులో నాతో అన్నాడు. అన్నం పెట్టినప్పుడల్లా, ఎవరికిచ్చారో చెప్పండి, తమ్ముడికి నేను నచ్చజెప్తాను అనేదట. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడి విన్నాను.

ఏడాదికి ఆ హద్దు లేని అరవై నాలుగు బిట్ల సిస్టమ్ వచ్చింది. నేనే ఎక్కించాను. కంప్యూటరు మూత కూడా తియ్యలేదు, లోపల ఆయన చేత్తో బిగించినవే ఉన్నాయి. పదింటిలోనూ నాలుగు కనిపించింది. దొంగ పోయాడు, సరుకు తిరిగొచ్చిందని ఓనరు హాలంతా వినబడేలా చెప్పి, వెంటనే అక్కకి ఫోను చేశాడు.

సాయంత్రం ఆయన ప్రెస్సు గేటు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు.

"కొత్త సిస్టమ్ వేశావా?" అన్నాడు.

"వేశానండీ."

"మా ఆవిడ ఏమందో తెలుసా? ఎప్పుడు తీసుకెళ్ళి పెట్టొచ్చారు, ఆ పని అప్పుడే చేస్తే పరువైనా దక్కేదిగా అంది. ఆ ఇళ్ళ నంబర్ల సంగతి దానికి ఒక్కసారి చెప్పు. నేను చెప్తే నమ్మదు."

రేపు ఫోను చేస్తానని ఆవిడ నంబరు రాసుకున్నాను. లోపల అద్దాల గదిలోంచి ఓనరు మమ్మల్ని చూస్తున్నాడు.

ఆ రేపటికి నాలుగేళ్ళయింది. ఆయన రెండేళ్ళ క్రితం పోయాడు. చూడ్డానికి వెళితే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, చివర్లో బుద్ధి తెచ్చుకుని తిరిగిచ్చేశారులే బాబూ, ఆయన గురించి చెడ్డగా అనుకోకు అంది. నేను అనుకోనమ్మా అన్నాను.