పెట్టెలో పోయిన తోలు తొడుగు

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేను సౌదీలోని హుఫూఫ్‌లో, నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో డ్రైవర్‌గా ఉండేవాణ్ణి. ఆ పెద్దాయనను అందరం బాబా అనేవాళ్లం. ఆయన ఒక్కగానొక్క కొడుకు ఆ యుద్ధంలోనే చనిపోయాడు. అంతకుముందు తండ్రీకొడుకులు ప్రతి చలికాలం డేగలతో వేటకు పాకిస్తాన్ వెళ్లేవారట. ఆ ఏడు బాబా నన్ను తోడు తీసుకెళ్లారు.

వేట సామాన్ల పెట్టెలకు తాళాలు వేసి, పైన గోనెగుడ్డ చుట్టి గట్టిగా కుట్టాను. అయినా విమానం దిగేసరికి ఒక పెట్టె గుడ్డ కోసేసి ఉంది, తాళం విరిగి ఉంది. ఖరీదైన కెమెరా పోయింది.

బాబా దాని ఊసే ఎత్తలేదు. విమానాశ్రయంలోనే నేలమీద కూర్చుని బట్టలన్నీ బయటికి లాగి వెతికారు.

"ఏం పోయింది బాబా?" అన్నాను.

"నా కొడుకు తొడుగు" అన్నారు వచ్చీరాని ఉర్దూలో. డేగను నిలుపుకోవడానికి ఆ అబ్బాయి చేతికి వేసుకున్న తోలు తొడుగు అది. దెబ్బ తగలకుండా బాబానే దాన్ని కెమెరాకు చుట్టిపెట్టారు.

"అది వేసుకుంటే వాడి చెయ్యి పట్టుకున్నట్టు ఉండేది, బేటా!" అంటూ అందరిముందూ వెక్కివెక్కి ఏడ్చారు.

వేటాడకుండానే తిరిగొచ్చేశాం. దొంగ ఎవరో తెలియలేదు. కెమెరా తీసుకుని, ఆ పాత తోలుముక్కను అప్పుడే ఏ చెత్తలోనో పారేసి ఉంటాడని తలచుకుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.