డ్రాయరన్నను సెలవు మీద పంపిన వైనం

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులుండేవారు: మోసం చేసి పట్టుబడినవాళ్లు, ఇంకా పట్టుబడనివాళ్లు. తప్పు నాది కాదు. నాయుడుపేటలో బ్యాంకు ఉద్యోగంలో చేరిన ఏడాదికే నన్ను మోసాల నివారణ మీద మూడు రోజుల శిక్షణకు పంపారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, నేను తిరిగి రావడమే పోలీసు నడకతో వచ్చాను. అక్కడ చెప్పిన గుర్తులన్నీ నోటికి వచ్చేశాయి: సెలవు పెట్టడు, అందరికంటే ముందొస్తాడు, తన సొరుగు ఇంకొకరిని ముట్టుకోనివ్వడు, ఖాతాదారులు అతన్నే వెతుక్కుంటూ వస్తారు. బస్సులో కూర్చుని ఆ కాగితం చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అది అచ్చంగా మా డ్రాయరన్న జాతకం.

డ్రాయరన్న అంటే మా డిపాజిట్ల సీటు పెద్దాయన. మంచినీళ్లకు లేచినా సొరుగుకు తాళం వేసి లేచేవాడు కాబట్టి ఆ పేరు పెట్టాం (చాటుగానే లెండి). నాలుగేళ్లలో ఒక్క వారం కూడా వరుసగా సెలవు పెట్టలేదు. అలాంటి సీట్లో ఉన్నవాళ్లు ఏటా పది రోజులు తప్పనిసరిగా సెలవు మీద వెళ్లాలని, ఆ సీట్లో వేరొకరు కూర్చుంటే లోపల ఏముందో బయటపడుతుందని నిబంధన. దాన్ని నేను మేనేజరు గారికి చదివి వినిపించాను. డ్రాయరన్న ముఖం మాడ్చుకుని, "ఈ వారం వద్దు సార్, పై వారం పోతాను" అన్నాడు. నేను మేనేజరు గారి వైపు అర్థవంతంగా చూశాను. చివరికి డ్రాయరన్న తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "చూసుకో అబ్బయ్యా, అంతా చూసుకో. గురువారం లోపల చూసుకో" అని వెళ్లిపోయినాడు. గురువారమట! దీని వెనక పెద్ద ముఠాయే ఉందనుకున్నాను.

బుధవారం తీరిక దొరికి సొరుగు తెరిచాను. జెలుసిల్ సీసా, రెండు కళ్లజోళ్లు, ఒక పొడుగాటి నోటుపుస్తకం. దాని నిండా పేర్లు, ఊళ్లు, ఒక్కో పేరుకు రెండేసి తేదీలు. రెండో తేదీ ఎప్పుడూ మొదటిదానికి సరిగ్గా పదిహేను రోజుల తర్వాత. పదిహేను రోజుల వడ్డీ వ్యాపారం! సంతోషంతో మొదటి పేరు కంప్యూటర్లో కొట్టాను. ఆమె మా బ్రాంచిలో బీమా పాలసీ తీసుకుని, కట్టిన డబ్బు వెనక్కిచ్చే పదిహేను రోజుల గడువులోపే రద్దు చేసుకుంది. రెండో పేరూ అంతే. మూడోదీ అంతే. ఆ పాలసీలు అమ్మిన ఉద్యోగి నంబరు మాత్రం అన్నింటికీ ఒక్కటే. ఏడో పేరు దగ్గర నా చెవులు వేడెక్కాయి. ఆ నంబరు నాదే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఏడు నాకు పాలసీల టార్గెట్ ఉండేది, అందుకుంటే బంగారు నాణెం ఇస్తామన్నారు. కాబట్టి డిపాజిట్ వేయడానికి వచ్చినవాళ్లందరికీ, "ఇదీ ఫిక్సుడు డిపాజిట్ లాంటిదేనమ్మా, ఇంకాస్త ఎక్కువొస్తుంది" అని చెప్పేవాణ్ని. ఏటా కట్టాలని, అయిదేళ్లు చేతికి రాదని చెప్పేవాణ్ని కాదు. తెలిసి చేశానా, తెలియక చేశానా అంటే చెరిసగం. పుస్తకంలో కొట్టివేయని పేరు ఒక్కటే మిగిలింది: దొరవారిసత్రం, కుట్టుమిషను అక్క. పక్కన చిన్న అక్షరాలతో "బిడ్డ నర్సింగు ఫీజు" అని ఉంది. రెండో తేదీ మర్నాడు, గురువారం. ఫోనులో ఏం చెప్పాలో తోచక, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బస్సెక్కాను.

అక్క వరండాలో కూర్చుని, చర్చిలో స్త్రీల కూడికకని తెల్ల జాకెట్లు కుడుతోంది. "ఏంది సారూ, ఇంత దూరం వచ్చినావు? బాండులో ఏమన్నా తేడా ఉండాదా?" అంది.

"దాన్ని రద్దు చేయాలక్కా. రేపే ఆఖరు రోజు."

"రేపు రమ్మని పెద్ద సారు కూడా చెప్పినాడు, ఎందుకో చెప్పలా. ఆయన సెలవులో ఉండాడని తెలిసి, వచ్చినాక పోదామనుకున్నా. అయినా మంచిదని నువ్వే గదా చెప్పినావు?"

"తప్పు చెప్పానక్కా. ఆ డబ్బు అయిదేళ్లు రాదు."

మిషను ఆగిపోయింది. "వచ్చే నెల బిడ్డకి ఫీజు కట్టాల సారూ. అది తప్ప నా కాడ ఇంకేమీ ల్యా." కుడుతున్న జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. "నువ్వు చెప్తావుంటే మా పాస్టరయ్య వాక్యం చెప్పినట్టుండె. అందుకే చదవకుండా సంతకం పెట్టినా." అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆమెకే జాలేసినట్టుంది, "సర్లే, ఆదివారం ప్రార్థనలో నీ పేరు కూడా చెప్తాలే" అంది.

"ఏం కావాలని అడుగుతారక్కా?"

"బుద్ధి."

మర్నాడు బ్యాంకు తలుపులు తెరవకముందే ఆమె వచ్చి, తెరవగానే సంతకాలు చేసింది. వారం తిరక్కుండా డబ్బు వెనక్కి వచ్చింది, ఫీజుకు అందింది. నేను మేనేజరు గారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పి, ఓ అరగంట చీవాట్లు తిని, బంగారు నాణేనికి నీళ్లు వదులుకున్నాను.

డ్రాయరన్న సెలవు ముగించుకుని వచ్చిన రోజు తాళంచెవి ఇచ్చేస్తూ అడిగాను: "నెలకిద్దరు ముగ్గుర్ని కాపాడుతూ కూర్చున్నావు. పైవాళ్లకు ఒక్క ఉత్తరం రాసుంటే నన్ను పట్టుకుని పంపించేసేవాళ్లు కదన్నా, ఎందుకు రాయలేదు?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "రాస్తే నువ్వు పోతావు. నీ సీట్లోకి ఇంకొకడొస్తాడు. వాడు నీకంటే తెలివైనోడైతే నేనేడ పట్టుకునేది అబ్బయ్యా?" అన్నాడు.

నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన ప్రశంసాపత్రం అదొక్కటే. ఆయన పోయి అయిదేళ్లయింది, ఇప్పటికీ ఆయన లేని లోటు తెలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు మోసాల గుర్తులు చెప్పే శిక్షణ తరగతులు నేనే తీసుకుంటున్నాను. ఎదురుగా కూర్చునే పిల్లలందరూ చురుకైనవాళ్లు, నేను వాక్యం మొదలుపెడితే వాళ్లే పూర్తి చేస్తారు. వాళ్ల ముఖాల్లో ఒక్కటైనా నా అంత తెలివితక్కువ ముఖం ఉంటుందేమోనని వరుసవరుసా వెతుకుతాను. దొరకని రోజున ఇంటికొచ్చి కాస్త దిగులుగా కాఫీ తాగుతాను.