ఆదెన్న ఎలుక

మా వేంపల్లెలో ఏ బండి చెడినా తప్పు ఎలుకది. ఇది నా మాట కాదు, ఆటో ఎలక్ట్రీషియన్ ఆదెన్న తీర్పు. ఇరవై ఏళ్లుగా ఆయన ఇంకో ముద్దాయిని పట్టుకున్న పాపాన పోలేదు. బానెట్ తెరుస్తాడు, కళ్లజోడు తుడుచుకుంటాడు, చావు కబురు మోసుకొచ్చిన మనిషిలా తల దించి, "ఎలుకప్పా" అంటాడు. తను నవ్వడు. మనం నవ్వామా, ఆ పూట టీకి పిలవడు.

పక్క షెడ్డు నాది. నా పేరు హెన్రీ. నా దగ్గర కంప్యూటర్ స్కానర్ ఉంది. ఆయన దగ్గర పాత మల్టీమీటరూ, ఆ ఎలుకా ఉన్నాయి. అయినా మొండి రోగం బండ్లన్నీ ఆయన దగ్గరికే పోతాయి. నాకెంత మంటగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒకసారి ఓ కొత్త కోడలు మామగారి కారును గోడకు రాసి, ఏడుస్తూ వచ్చింది. వెనకే ఉరుముతూ మామగారు.

"బంపరు గూడా ఎలుకే కొరికిందా ఆదెన్నా?" అన్నాను.

"అడ్డమొచ్చింటాది. పాప దాన్ని తప్పియ్యబోయింటాది" అన్నాడు గంభీరంగా.

మామగారు కాసేపు ఆలోచించి, "మూగజీవం గదా. మంచిపనే చేసినావు లేమ్మా" అన్నాడు. నేను మాత్రం నవ్వాపుకోలేక, ఆ పూట టీ పోగొట్టుకున్నాను.

మొన్న వేసవిలో శెనక్కాయల వ్యాపారి తేజేశ్వర్ కారు నా దగ్గరికి వచ్చింది. డాష్‌బోర్డు మీద బ్రేకు దీపం ఒకప్పుడు వెలుగుతుంది, ఒకప్పుడు ఆరిపోతుంది. స్కానర్ పెడితే 'బ్రేక్ ప్రెజర్ సెన్సార్ సర్క్యూట్' అని చూపించింది. నేను సెన్సార్ దాకా చదివి, సర్క్యూట్‌ను వదిలేశాను. కొత్త సెన్సార్ వేశాను. వారానికి దీపం మళ్లీ వెలిగింది. ఇంకోటి వేశాను. అదీ అంతే. ఇక పరువు పోయేట్టుందని, "మీ డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టుకోనే తోల్తాండాడేమో సార్" అని ఒక మాట జారాను.

ఆ మాట పోయి దాసన్న కూటికి తగిలింది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో డ్రైవరు. "ఆదెన్న కాడికి కారు తీసకరా. ఇదే నీ ఆఖరి పని" అన్నాడట తేజేశ్వర్. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. అయినా నోరు విప్పే ధైర్యం రాలేదు.

దాసన్న తోలుకొస్తే, తేజేశ్వర్ ముందు సీట్లో వచ్చాడు. కారు బాగైతే కొట్టాలని ఒళ్లో టెంకాయ పెట్టుకుని, ఆయన తల్లి రాజ్యలక్ష్మమ్మ వెనక కూర్చుంది. ఎండ మండిపోతోంది. నేను సిగ్గుతో టార్చి పట్టుకుని ఆదెన్న పక్కన నిలబడ్డాను.

ఆయన సెన్సార్‌ను ముట్టుకోనే లేదు. దానికొచ్చే మూడు వైర్లను మీటరుతో ఒక్కొక్కటే చూశాడు. కరెంటు తెచ్చే వైరు బాగుంది. కబురు మోసే వైరు బాగుంది. తిరిగిపోయే వైరు దగ్గర మీటరు సున్నా చూపాల్సింది పోయి, ఒకటిన్నర ఓల్టు చూపింది. నేతగాళ్ల బిడ్డ కదా, తెగిన పోగును వెతికినట్టు ఆ వైరు వెంటే వేళ్లు పోనిచ్చి, బానెట్ కింద ఒక జాయింటు ఊడదీశాడు. లోపలంతా పచ్చటి చిలుము, జిగురు. పక్కనే కాస్త పీచు. వాసన చూశాడు.

"టెంకాయ యాడ కొడతారప్పా మీరు?" అని దాసన్నను మెల్లిగా అడిగాడు.

"ప్రతి సోమారం పెద్దమ్మ బానెట్ తెరిపిచ్చి, ఆ నీళ్లు ఇంజను మీదనే..." దాసన్న వెనక సీటు వైపు చూసి గొంతు తగ్గించాడు. "చెప్పొద్దున్నా. ఈ వయసులో శానా బాధపడతాది. నా పని పోతే పోనీలే."

ఆదెన్న కళ్లజోడు తుడుచుకున్నాడు. తల దించాడు.

"ఎలుక సార్."

"కొరికిన గుర్తేదప్పా?" అన్నాడు తేజేశ్వర్.

"ముసలిది సార్. పండ్లు లేవు. టెంకాయ చిప్ప తెచ్చుకోని ఈడ పెట్టుకునింది. ఆ నీళ్లు కారి జాయింటు చెడిపోయింది. ఇదిగో పీచు."

"మరి ఈయప్ప బ్రేకు మీద కాలు పెట్టుకోని..."

"అట్ల తోలింటే బ్రేకు ప్యాడ్లు అరగాల. చూడండి, బంగారం మాదిరుండాయి."

"మరి హెన్రీ రెండు సెన్సార్లు మారిస్తే?"

"హెన్రీ మంచి పనోడే సార్. ఎలుక ఆయప్పను గూడా మోసం చేసింది."

ఇన్నేళ్లూ నేను నవ్వుకున్న ఆ ఎలుక ఎంతమంది తప్పులు వీపున మోసిందో అప్పుడు తెలిసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంతలో రాజ్యలక్ష్మమ్మ కారు దిగింది. జాయింటును చూసింది, పీచును చూసింది, దాసన్న ముఖం చూసింది. టెంకాయను కొంగులో దాచుకుంది.

"ఆ ముసలి ఎలుకను నేనెరుగుదును లే నాయనా. ఇంగ ఇంజను జోలికి రాదు."

"మంచి ఎలుకమ్మా. భక్తి శానా ఎక్కువ" అన్నాడు ఆదెన్న. అప్పుడూ నవ్వలేదు.

తేజేశ్వర్ తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, కారుకున్న తాళాలు తీసి దాసన్న చేతిలో పెట్టాడు. ఆదెన్న జాయింటు కడిగి, కొత్త పిన్నులు వేసి బిగించాడు. దీపం మళ్లీ వెలగలేదు.

దాసన్న సీట్లో కూర్చోగానే నేను కిటికీ దగ్గరికి పోయాను. "దాసన్నా, ఆ బ్రేకు మాట అనింది నేనేప్పా" అన్నాను.

 అతను అచ్చం ఆదెన్నలాగే తల దించి, "నువ్వు యాడంటావు లేన్నా. ఎలుక అనింటాది" అని బండి స్టార్ట్ చేశాడు.