అగ్గిపెట్టెల శేషారత్నం

డెబ్బయిల్లో తెనాలి స్టేషను ముందు రిక్షా ఎక్కి శేషారత్నం గారింటికి పోనియ్యమంటే, రిక్షావాడు వెనక్కి తిరిగి, “అగ్గిపెట్టెల శేషారత్నం గారేనా అండీ?” అని అడిగేవాడు. అవునంటే ఇక దారి పొడుగునా ఒకటే నవ్వు. ఆ నవ్వెందుకో తెలియాలంటే అరవై ఎనిమిదికి పోవాలి. పోదాం పదండి, ఎంతో దూరం లేదు.

అప్పటికావిడకి పంతొమ్మిదేళ్ళు. రోజూ నందివెలుగు నుంచి తెనాలి కాలేజీకొచ్చి బీయస్సీ చదివేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. నవ్వొచ్చిందంటే ఎవరున్నారు, ఎక్కడున్నాం అన్న ధ్యాస ఉండేది కాదు.

ఒకరోజు జువాలజీ లెక్చరరు నరసింహారావుగారు కొంకిపురుగు గురించి చెబుతున్నారు. అది మట్టిలో ఉంటుందట, చెప్పుల్లేని కాళ్ళలోంచి ఒంట్లోకి దూరుతుందట, పేగుల్లో కాపురం పెట్టి రక్తం తాగుతుందట. అది పట్టిన మనిషి పాలిపోతాడు, నాలుగడుగులేస్తే ఆయాసం, ఎప్పుడు చూసినా కూలబడి ఉంటాడు.

“అయ్యో, మా మావయ్య పాలేరు!” అని పైకే అనేసింది శేషారత్నం.

ఆ పాలేరు పేరు మార్కు. రేపల్లె అవతల పెనుమూడి దగ్గర ఆవిడ మేనమామ వెంకటకృష్ణయ్య గారికి పదెకరాల మాగాణి ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండేది మార్కే. ముప్ఫై ఏళ్ళ మనిషి, గట్టు మీద కూర్చుంటే లేవడానికి రెండు చేతులూ నేలకి ఆనించాలి. మావయ్యేమో, “ఒట్టి బద్ధకస్తుడు! వచ్చే ఉగాదికి వీణ్ణి మాన్పించేస్తా” అని ఊరంతా చాటుతున్నాడు. బద్ధకస్తుడన్న పేరు పడ్డాక ఇంకెవరు పెట్టుకుంటారు? ఇద్దరు పిల్లలు, భార్య. ఉగాదికి ఇంకా నెలరోజులుంది.

పరీక్ష చేసి చూపిస్తే మావయ్య నోరు మూతపడుతుంది. కానీ ఒక్క మార్కునే అడిగితే ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోడూ? నరసింహారావుగారే దారి చెప్పారు. “ఊళ్ళో అందరివీ తీసుకురా. లెక్కలు కట్టి, బాపట్లలో విద్యార్థుల సభలో చదువుదువుగాని.”

నలభై ఖాళీ అగ్గిపెట్టెలు సంచిలో వేసుకుని శేషారత్నం మావయ్య ఇంట్లో దిగింది. పెట్టెలెందుకే అని అత్తయ్య రాఘవమ్మ అడిగితే చెవిలో చెప్పింది. పొద్దున్నే చెంబు పట్టుకెళ్ళినప్పుడు, చింతగింజంత.

“ఓసి నీ చదువు తగలెయ్యా!” అని అత్తయ్య చేతిలో అట్లకాడ జారవిడిచింది.

పెట్టె మీద పేరు రాయడం, ఇవ్వడం, రెండ్రోజుల్లో తిరిగి తెచ్చుకోవడం. పదకొండు పెద్దిళ్ళ యజమానులు గుమ్మంలోంచే తరిమేస్తారనుకుంది. తీరా చూస్తే అందరికంటే ముందు వాళ్ళవే వచ్చాయి, దారం చుట్టి మరీ. “చూశావా, మనవాళ్ళకి చదువంటే ఎంత గౌరవమో!” అని మావయ్య మీసం దువ్వాడు. మార్కు మాత్రం తన పెట్టె ఆఖర్న, తల వంచుకుని ఇచ్చాడు.

రేపల్లె నుంచి తెనాలి వచ్చే రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలాయన బీడీ తీసి, “అమ్మాయ్, సంచి నిండా అగ్గిపెట్టెలున్నాయిగా, ఒకటిటియ్యి” అన్నాడు.

“అవి వెలగవండి తాతగారూ.”

“తడిశాయా?”

అంతే, శేషారత్నానికి నవ్వు కట్టలు తెంచుకుని వచ్చింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు. వేమూరు స్టేషన్లో దిగిపోయి, ప్లాట్‌ఫారం మీద పొట్ట పట్టుకుని నవ్వి, కదులుతున్న రైలెక్కి వేరే పెట్టెలో కూర్చుంది.

ఆ నవ్వు కాలేజీలో ఆగింది. ముందుగా మార్కు పెట్టే తెరిచింది. ఖాళీ! కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఎవరికోసం ఇంత పరువు తీసుకుందో ఆ మనిషే ఒట్టి పెట్టె ఇస్తే ఏం చేస్తుంది?

చేసేదేముంది, మిగతావి మైక్రోస్కోపు కింద పెట్టింది. పెద్దిళ్ళ మొదటి పెట్టెలో కొంకిపురుగు గుడ్లు కుప్పలు కుప్పలు. రెండోదాన్లోనూ అంతే. మూడోదాన్లోనూ అంతే. పదకొండూ అంతే! నరసింహారావుగారు వంగి చూసి, “ఈ పెద్దమనుషులంతా రోజూ ఒకే కంచంలో తింటారామ్మా?” అన్నారు. కిర్రుచెప్పుల్లేకుండా వాకిలి దాటని మనుషులు! శేషారత్నం బుర్రలో ఏదో మెదిలింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం మావయ్య అరుగు మీద పదకొండు మందీ చేరారు. మార్కు కింద గోడకి ఆనుకుని ఉన్నాడు. శేషారత్నం నోటుపుస్తకం తీసి, మొహం బిగించుకుని చదివింది.

“మీ పదకొండు మందికీ ఒంటినిండా పురుగులే. రేపు డాక్టరుగారొచ్చి మందు తాగిస్తారు. కడుపు ఖాళీ చేసుకోవాలి, రెండ్రోజులు ఇల్లు కదలకూడదు. మీ పేర్లన్నీ బాపట్ల సభలో చదువుతాను.”

ఆ పదకొండు మందిలో వెంకటస్వామిగారు ఉండబట్టలేక లేచారు. “అది నాది కాదమ్మాయ్! మార్కుని అడిగి తెప్పించా.”

“నువ్వు కూడానా?” అన్నాడు మావయ్య, అని నాలిక్కరుచుకున్నాడు.

“అంటే నువ్వూ?” “నేనొక్కణ్ణే అనుకున్నానే!” “ఓరి, నువ్వు కూడానట్రా?” అరుగంతా గోల. తన పరువు తనొక్కడే తెలివిగా కాపాడుకున్నాననుకున్నాడు ప్రతివాడూ. లోపల రాఘవమ్మ గుమ్మం పట్టుకుని కూలబడి నవ్వుతోంది.

“మార్కూ, మరి నీ పెట్టె ఖాళీగా ఇచ్చావేంటి?” అంది శేషారత్నం.

మార్కు లేచి నిలబడ్డాడు, చేతులు నేలకి ఆనించి, మెల్లిగా. “అయ్యగార్లందరివీ నింపేసరికి నా వంతుకి మిగల్లేదమ్మాయిగారూ.”

ఈసారి అరుగు మీద పెద్దమనుషులు కూడా పంచెలు సర్దుకుంటూ నవ్వారు. శేషారత్నం మాత్రం నవ్వలేదు. ఆవిడ నవ్వకుండా ఉండటం ఆ ఊరు చూడ్డం అదే మొదలు.

“పదకొండు ఇళ్ళ పని ఒక్కడే చేశాడు. ఇతన్ని బద్ధకస్తుడంటావేంటి మావయ్యా?”

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి మార్కుని మావయ్యే బండి కట్టుకుని తీసుకెళ్ళాడు. ఉగాది వచ్చింది, వెళ్ళింది, మాన్పించడం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

బాపట్ల సభలో శేషారత్నం లెక్క సరిగ్గానే చదివింది. పెట్టెలు నలభై, మనుషులు ఇరవై తొమ్మిది. తేడా ఎందుకొచ్చిందని అధ్యక్షులవారు అడిగారు. పేర్లు చెప్పకుండా కథ మాత్రం చెప్పింది. సభ తిరిగి సద్దుమణగడానికి పావుగంట పట్టింది. అగ్గిపెట్టెల పేరు ఆ పూటే అంటుకుంది.

వానాకాలం నాట్లప్పుడు ఆవిడ మళ్ళీ ఆ ఊరెళ్ళింది. చేను మధ్యలో నుంచి మార్కు గబగబా నడిచొచ్చాడు, ఎక్కడా కూర్చోకుండా. పొద్దుటినుంచీ గట్టు మీద దాచి ఉంచిన అగ్గిపెట్టె తీసి చేతిలో పెట్టాడు. “ఇది నాదే అమ్మాయిగారూ, ఇంకెవరికీ ఇవ్వలా.”

తెనాలి వెళ్ళి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఈ మూల నుంచి ఆ మూల దాకా మూడుసార్లు చూసింది. ఏమీ లేదు. ఏమీ కనపడనందుకు శేషారత్నం ఆ ల్యాబులో ఒక్కతే గెంతులేసింది.