కాటా ఎక్కిన తప్పదుగారు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది గుర్తింపు కార్డు మీద ఉంటుంది తప్ప ఎవరి నోటా ఉండదు. అందరికీ ఆయన తప్పదుగారు. మోటార్‌హోమ్‌లు అమ్మే పెద్ద షెడ్డులో, విడి సామాన్ల కౌంటర్ వెనకాల, జుట్టు నల్లగా ఉన్నప్పుడు నిలబడి తెల్లబడ్డాక పక్కకు జరిగిన మనిషి. మోటార్‌హోమ్ అంటే పడక, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే బండి. ఆ బండిని అమ్మేది యజమాని. కొన్నవాడు తాళం చెవి వేలికి తిప్పుకుంటూ, కొత్త పెళ్లికొడుకులా తనలో తాను నవ్వుకుంటూ బయటికి వెళ్లే దారిలో ఈయన కౌంటర్. సాలెపురుగు గూడు ఎక్కడ కట్టాలో దానికి ఒకరు చెప్పాలా?

ఆయన ఎవరినీ ఏదీ కొనమనలేదు.

"చక్రాల కింద పెట్టే దిమ్మలు తీసుకున్నారా?" అని అడిగేవారు, ఒంట్లో ఎలా ఉందని అడిగినంత మెల్లగా.

"అవెందుకండీ? బ్రేకుంది కదా."

తప్పదుగారు నిట్టూర్చేవారు. "ఒకాయనా అదే అన్నాడండీ. చెరువు గట్టున బండి ఆపి, కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. బండి ఆయన పక్కనుంచే మెల్లగా వెళ్లి చెరువులో కూర్చుంది. లోపల ఆవిడ స్నానం చేస్తోంది." దిమ్మలు ముందుకు జరిపి, "ఇది తప్పదండీ."

దిమ్మలు సంచిలోకి వెళ్లేవి. వెనకే మంచినీళ్ల గొట్టం, వాడిన నీళ్లకు వేరే గొట్టం, కరెంటు తీగ చుట్ట, బండికి పక్కగా వేసుకునే గుడారం, ఆ గుడారం మేకులు కొట్టడానికి సుత్తి, మేకులు పీకడానికి ఇంకో పనిముట్టు. ప్రతి వస్తువుకూ ఒక కథ, ప్రతి కథలో అదే ఒకాయన. రెండింటికీ ఒకే గొట్టం వాడి సబ్బు నీళ్ల కాఫీ తాగిందీ అతనే. గుడారం లేక మొహానికి ఎండ కొట్టి ఒకవైపే నల్లబడిందీ అతనే.

"ఆ ఒకాయన ఇంకా బతికే ఉన్నాడా?" అని తప్పదుగారి భార్య అప్పుడప్పుడు అడిగేది.

ఆవిడది బట్టల మరమ్మతు కొట్టు. ప్యాంటు పొట్టి చేయడం, నడుం వదులు చేయడం, జిప్పు మార్చడం. వీధిలో ఎవరి పొట్ట ఎప్పుడు పెరిగిందో ఆవిడ టేపుకు తెలుసు. భర్త సంగతి అంతకంటే బాగా తెలుసు. ఇన్నేళ్లు ఇందరికి ప్రయాణపు పాఠాలు చెప్పిన ఈ మహానుభావుడు ఒక్క రాత్రి కూడా మోటార్‌హోమ్‌లో పడుకోలేదు. ఈత రాకుండా గట్టు మీద నిలబడి అందరికీ ఈత నేర్పడం అంటే అదే.

ఆయన ఉద్యోగం మానే రోజు వచ్చింది. ఎవరూ కొనక మూలపడి ఉన్న పాత మోటార్‌హోమ్‌ను యజమాని పూలదండ వేసి మరీ ఆయనకు ఇచ్చేశాడు. దయ అనుకోవడానికి లేదు, ఆ బండి నిలబడ్డ చోట కొత్తది నిలబెట్టాలి. తప్పదుగారు దాన్ని ఇంటి ముందుకు తెచ్చి పెట్టిన మర్నాడే దానికొక వారసుడు పుట్టాడు. ఆవిడ తమ్ముడు. ఒక ఆఫీసు క్యాంటీన్‌లో టీ కాస్తాడు, సొంత టీ దుకాణం కలగంటాడు. అక్క టేపు పట్టుకొచ్చి బండి పక్క భాగం కొలవడం మొదలుపెట్టాడు.

"ఏరా, నా బండికి చొక్కా కుట్టిస్తావా?" అన్నారు తప్పదుగారు.

"కిటికీ కొలుస్తున్నా బావా. ఇక్కడ కోస్తే గ్లాసు సరిగ్గా మనిషి చేతికి అందుతుంది."

"కోస్తే నీకు చెయ్యే మిగలదు. పో."

"నీకెందుకు బావా ఇది? నువ్వు తిరిగేవాడివా? బస్సులో నాలుగు స్టాపులు దాటితే కడుపులో తిప్పుతుందంటావు."

మాట పెరిగింది. కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే ఆవిడ తీర్పు చెప్పింది. "ఇద్దరూ నోరు ముయ్యండి. కొండ మీద మోటార్‌హోమ్‌ల విడిది ఉందిగా, నేను ఒక్కసారి వస్తాను. అక్కడ ఒక రాత్రి గడిపి, పొద్దున లేచాక నా నడుం నా మాట వింటే బండి మీది. మధ్యలో తిరిగొచ్చినా, నా నడుం పట్టేసినా, బండి వాడిది. తర్వాత ఎవరూ గొణగకూడదు."

"మాటేనా?" అన్నాడు తమ్ముడు.

"మాటే."

తప్పదుగారు ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. తెల్లారి లేచి పెరట్లో సామాన్ల గది తెరిచారు. ఉద్యోగికి ఇచ్చే తగ్గింపులో ఏటా ఒకటీ రెండూ కొని దాచుకున్న సరుకంతా అక్కడుంది. సర్దడానికి సాయం వచ్చినవాడు ఎవరనుకున్నారు? బావమరిది. ఒళ్లు వంచి పనిచేశాడు. ఆ ఒక్కటి చూసైనా తప్పదుగారు అనుమానించాల్సింది.

"బావా, టీవీ డిష్ మర్చిపోయావు."

"ఒక్క రాత్రికి డిష్ ఎందుకురా?"

"ఒకాయన డిష్ లేకుండా వెళ్లాడట బావా. వాన హెచ్చరిక తెలియక…"

"సరే సరే, పెట్టు."

జనరేటరు ఎక్కింది. సైకిళ్లు తగిలించే చట్రం ఎక్కింది, సైకిళ్లు లేవు. గుడారం, దాని చాప, మడత బల్లలు, మడత కుర్చీలు, రెండో గ్యాస్ బండ, గ్యాస్ పొయ్యి, కిటికీలకు వెండిరంగు తెరలు, బురదలో దిగబడితే లాగే పట్టీ ఎక్కాయి. పక్కింటాయన చూసి, ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని అడిగాడు. చివరికి నీళ్ల ట్యాంకు పొర్లిపోయేదాకా నింపి, తప్పదుగారు అరచేతులు తుడుచుకున్నారు.

"నేనూ కొండ దారి దాకా వస్తా బావా. అక్కడ దిగి బస్సులో వచ్చేస్తా. అక్కని సాగనంపినట్టుంటుంది," అన్నాడు బావమరిది. అక్క మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో ఆ అక్కకే తెలియదు.

కొండ దారి మొదట్లో లారీలు తూచే కాటా ఉంది. బరువైన ఏ బండైనా సరే, అది ఎక్కి, పరిమితిలో ఉంటేనే పైకి వదులుతారు. తప్పదుగారు ఆ సంగతి వినలేదు. బావమరిది విన్నాడు. క్యాంటీన్‌లో టీ తాగే లారీ డ్రైవర్లు చెప్పారు.

బండి కాటా మీదికి ఎక్కింది. అద్దాల గదిలో కూర్చున్న కాటా ఆయన తెర వైపు చూసి, బయటికి తల పెట్టి, బండి మీద షెడ్డు గుర్తు చూసి, పాత చుట్టం కనబడ్డట్టు నవ్వాడు.

"మూడొందల కిలోలు ఎక్కువుంది. ఆ షెడ్డులో కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు, ఆయన దగ్గర కొన్నారా సామాన్లు?"

తప్పదుగారు స్టీరింగ్ మీద దుమ్ము తుడవసాగారు. ఆవిడ అంది, "ఇంకెవరి దగ్గర కొంటాం? మేం ఆయన మాటే వింటాం."

"అందరూ అదే అంటారమ్మా. ఆయన తప్పదన్నాడండీ అని ఏడుస్తూ నా దగ్గర దించి పోతారు. రండి, చూపిస్తా."

అద్దాల గది వెనక రేకుల కొట్టం. తలుపు తీయగానే తప్పదుగారికి తన కౌంటరే వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. జనరేటర్లు, డిష్‌లు, కుర్చీలు, గుడారాలు. విప్పని పెట్టెలు కొన్ని, ఒకసారి విప్పి మూసినవి కొన్ని.

"నెలకోసారి ఆ షెడ్డు వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. తుడిచి మళ్లీ అమ్ముకుంటారు. ఇదిగో, ఈ సుత్తి నా దగ్గరికి రావడం మూడోసారి," అంటూ పిడికి ఎర్రరంగు వేసిన సుత్తి తీశాడు.

ఆ సుత్తిని తప్పదుగారు గుర్తుపట్టారు. దాన్ని ముగ్గురికీ అమ్మింది తనే. పెట్టె అంచులు నలిగి ఉన్నాయేమిటని ఒకసారి యజమానిని అడిగితే, దూరం నుంచి వచ్చిన సరుకు మరి అన్నాడు. ఇప్పుడూ ఆయన ఊరుకున్నారు. ఊరుకోని మనిషి పక్కనే ఉంది.

"ఆ పెద్దాయన ఎలాంటివాడంటారు?" అంది ఆవిడ కాటా ఆయనతో.

"నేను చూడలేదమ్మా. కానీ తెలివైనవాడు."

"అలా అనుకునేవాళ్లు ఉన్నారన్నమాట," అంది ఆవిడ.

బావమరిది సంతోషం పట్టలేకపోయాడు. "ఏం చేస్తాం బావా, రాత లేదు. బండి తిప్పు. ఇంటికెళ్లి కిటికీ కోసుకుందాం."

"ముందు నువ్వు దిగరా," అన్నారు తప్పదుగారు. "మూడొందల్లో నీ వాటా తక్కువేం కాదు."

అతను దిగాడు. తెర మీద అంకె చెప్పుకోదగ్గంత తగ్గింది. అంతవరకూ చేతులు కట్టుకుని నిలబడ్డ ఆవిడ బండి మెట్టు ఎక్కింది. ప్యాంటు నడుం తగ్గించేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో చూసినట్టే లోపలంతా చూసింది.

"ఒక్కొక్కటీ చూపిస్తా. ఇది లేకపోతే మనకేమవుతుందో చెప్పండి. ఒకాయనకి కాదు, మనకి. జనరేటరు?"

"విడిదిలో కరెంటుంది," అన్నారు తప్పదుగారు నీరసంగా.

"డిష్?"

"…ఏమీ కాదు."

"సైకిళ్ల చట్రం?"

దాన్ని ఆయన తనే విప్పి దించారు. గుడారాన్ని ఒకసారి తడిమి మరీ దించారు. బల్లలు, కుర్చీలు, పొయ్యి, రెండో గ్యాస్ బండ దిగాయి. చక్రాల దిమ్మలు, ఎత్తుపల్లాలకు చక్రం కింద వేసే పలకలు, రెండు గొట్టాలు, కరెంటు తీగ, మంటలార్పే సిలిండరు, మందుల పెట్టె మిగిలాయి. వీటికి ఆయన నిజంగానే సమాధానం చెప్పగలిగారు, ఏ కథా లేకుండా. ఆవిడ తలూపింది.

కాటా ఆయన తెర చూశాడు. "ఇంకా నలభై కిలోలు ఉందండీ."

"ఇంకేముంది దించడానికి?" తప్పదుగారు మంచాల కింద, అల్మరాల్లో వెతికారు. చివరికి స్నానాల గది తలుపు తీశారు. లోపల దుప్పటి కప్పుకుని ఏదో నిలబడి ఉంది. దుప్పటి లాగారు. కాలితో తొక్కే ఇనప కుట్టుమిషను, స్టాండుతో సహా.

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ రోడ్డు వైపు చూసింది.

"ఇది లేకపోతే ఏమవుతుందే?" అన్నారు తప్పదుగారు. ఆ ప్రశ్న అడిగే భాగ్యం కోసం ఆయన జన్మంతా ఎదురుచూసినట్టుంది గొంతు.

"హోటలువాళ్ల యూనిఫారాలు ఎల్లుండికి ఇవ్వాలి," అంది ఆవిడ. మళ్లీ తనే, "అవి లేకపోయినా తెచ్చేదాన్నేలెండి. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు."

"ఇంత బరువు ఒక్కదానివే ఎక్కించావా?"

 ఆవిడ చూపు తమ్ముడి మీద వాలింది. అతను చెప్పు సరిచేసుకుంటున్నాడు.

"ఓరి నీ దుంప తెగ! ఈ కాటా సంగతి నీకు ముందే తెలుసు కదూ? నాకు డిష్ అందించావు, మీ అక్కకి మిషను మోశావు!"

"పెద్దవాళ్లు అడిగితే కాదంటానా బావా?"

"మిషను దించెయ్యండి," అంది ఆవిడ. అని, బండి దిగి దూరంగా వెళ్లి నిలబడింది. దించితే ఆవిడ వస్తుంది, కానీ ఎలాంటి ముఖంతో వస్తుందో తప్పదుగారికి తెలుసు. పొద్దునకి ఆ నడుం తప్పకుండా పట్టేస్తుంది. దించకపోతే బండి ఇక్కడినుంచే వెనక్కి తిరగాలి. బావమరిది అప్పుడే తాళం చెవి వైపు చూస్తున్నాడు.

తప్పదుగారు బండిలో మంచం అంచున కూలబడ్డారు. ఎదురుగా గోడకు నీళ్ల ట్యాంకు మీటరు ఉంది. ఇలాంటి మీటర్లు ఎన్ని వందలు అమ్మారో ఆయన. నీళ్లు అయిపోతే తెలుస్తుందని చెప్పి అమ్మారు. నిండితే ఏమవుతుందని ఆయననెవరూ అడగలేదు, ఆయనా తనను తాను అడగలేదు. మీటరు మీద అడుగు నుంచి పైదాకా దీపాలన్నీ వెలుగుతున్నాయి.

ఆయన చప్పున లేచి కిటికీలోంచి కాటా ఆయనకు వినబడేలా అరిచారు. "ఏమండీ! ట్యాంకులో నీళ్లు కూడా తూకంలోకి వస్తాయా?"

"రాకుండా ఎక్కడికి పోతాయండీ? నీళ్లేమైనా గాలా?"

"వంద లీటర్లు!"

బండి కిందికి దూరి, వంగి, మూలిగి, ఆయన కుళాయి తిప్పారు. నీళ్లు కాటా పక్క కాలవలోకి ధార కట్టాయి. తెర మీద అంకె దిగుతుంటే కాటా ఆయన పైకి చదివాడు. అంకె పరిమితి దాటి కిందికి వచ్చాక, కాళ్లు కడుక్కోవడానికి నాలుగు లీటర్లు మిగిల్చి కట్టేశారు. "విడిదిలో కుళాయి ఉంది, మన దగ్గర గొట్టం ఉంది. ఎక్కు," అన్నారు భార్యతో. ఆవిడ మిషను మీద దుప్పటి మళ్లీ కప్పి, ఎక్కింది.

దించిన సామాన్ల గుట్ట పక్కన బావమరిది ఒక్కడే మిగిలాడు.

ఆ రాత్రి గురించి వాళ్లిద్దరూ ఎవరికీ వివరంగా చెప్పలేదు. ఎత్తు పలకను తప్పదుగారు వేయాల్సిన చక్రం కింద కాక దాని ఎదుటి చక్రం కింద వేశారనీ, బండి ఒరిగి తెల్లారేసరికి ఇద్దరూ ఒకే గోడకు అంటుకుని ఉన్నారనీ మాత్రం బయటికి వచ్చింది. పొద్దున ఆవిడ లేచి, వంగి, చెప్పులు తొడుక్కుంది. ఆయన ఆ నడుం వైపే చూశారు. నడుం మాట వింది.

పక్క బండివాళ్లు తమ గుడారం జిప్పు ఊడిందని తెచ్చారు. ఆవిడ మిషనును చెట్టు నీడలోకి దింపించి, అది కుడుతూనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నా నడుం బాగానే ఉంది. బండి మీద ఆశ వదులుకో."

"బండా? ఏ బండి? అక్కా, ఒక్క నిమిషం… అన్నా, నీకు చక్కెర తక్కువ కదా? ఇదిగో!" వెనక లారీల హారన్లు, గ్లాసుల చప్పుడు. "అక్కా, కాటా దగ్గర లారీలు గంటలు గంటలు ఆగుతాయి. ఇక్కడ టీ పోసే నాథుడు లేడు. గుడారం వేశాను, బల్లలు వేశాను. ఆ ఎర్ర సుత్తి కాటా ఆయన ఊరికే ఇచ్చాడు. కుర్చీలు సరిపోవడం లేదు."

"క్యాంటీనో?"

"సెలవు పెట్టాన్లే. అక్కా, గాలికి పొయ్యి ఆరిపోతోంది. గుడారానికి పక్క గోడలు విడిగా దొరుకుతాయా? ఫోను బావకివ్వు."

తప్పదుగారు అప్పటికే చెయ్యి చాచారు. ఆవిడ ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆ చేతిలో జిప్పు రెండో కొస పెట్టి గట్టిగా పట్టుకోమంది.

"ఆ రేకుల కొట్టంలో వెతుక్కోరా, ఉంటాయి. మీ బావని మాత్రం అడక్కు," అని మిషను తొక్కింది.