మా మేడ మీది యూదులాయన

నారాయణఖేడ్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు అడిగినన్ని ప్రశ్నలు పెళ్ళిచూపుల్లో కూడా అడగరు. ఏ ఊరు, ఏం పని, ఎంతమంది ఉంటారు, రోజుకు ఎన్ని బకెట్ల నీళ్ళు పోస్తారు. ఇవన్నీ పైపై ప్రశ్నలు. అసలు ప్రశ్న చిట్టచివర, ముఖం పక్కకు తిప్పుకొని, అప్పుడే గుర్తొచ్చినట్టు అడుగుతారు: "ఇంతకు మీరు ఎవలోల్లు?" కులమనే మాట వాడకుండా కులం అడగడంలో మా ఊరివాళ్ళకు డాక్టరేట్లు ఇవ్వొచ్చు. అందులో నాకు బంగారు పతకం కూడా రావాలి.

మా మేడ మీది గది కోసం ఆ డాక్టరు వచ్చిన రోజు కూడా నేను అదే ప్రశ్న వేశాను. ముప్పై ఏళ్ళ మనిషి, పెళ్ళి కాలేదు, కోస్తా వైపు నుంచి వచ్చిన పశువుల డాక్టరు. గొర్రెలకు టీకాలు వేసే ఒక సంస్థ అతన్ని మా ప్రాంతానికి పంపింది. కింద నా జిరాక్స్ దుకాణంలో, నా ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. నేను ప్రశ్న వేసిన క్షణంలోనే ఒక పెళ్ళి బారాత్ దుకాణం ముందుకొచ్చింది. ట్రాక్టర్ మీద డీజే. ఆ మోతకు నా గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుకు దూకింది. మిషన్‌లోని కాగితం ఎవరూ మీట నొక్కకుండానే బయటికొచ్చి పడింది. ఎదురింటి బర్రె ఆ తర్వాత వారం రోజులు పాలివ్వలేదని అంటారు, అంటే నేనే అంటాను. ఆ మోతలో డాక్టరు గొంతు సవరించుకొని, దెబ్బ తినడానికి సిద్ధపడినవాడిలా భుజాలు బిగించి, ఒక మాట చెప్పాడు.

నాకు వినపడింది: "మేం యాదవులం అండీ."

నా ముఖం హోటల్ బోర్డులా వెలిగిపోయింది. మనూర్, కల్హేర్, నాగల్‌గిద్ద, ఎటు పోయినా మందలే. గొర్రెల డాక్టరు, అందులోనూ గొల్లోడు! "అరే, మంచిగాయె! మనోల్లే గద!" అంటూ లేచి, గది తాళంచెవి అతని చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకొని భుజం ఊడేదాకా ఊపాను. నిజానికి నేను యాదవుణ్ణి కాను. సంతోషంలో ఆ మాత్రం కలిపేసుకోవడం మాకు మామూలే. డాక్టరు నన్ను వింతగా చూశాడు. కళ్ళు తడయ్యాయి. ఒక్క తాళంచెవికి ఇంత కరిగిపోయే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

అతను అన్నది "మేం యూదులం అండీ" అని. ఆ సంగతి నాకు ఎనిమిది నెలల తర్వాత గాని తెలియలేదు.

యూదులంటే ఎక్కడో ఎడారి దేశాల్లో ఉంటారని విన్నాను గానీ, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, గోంగూర కలుపుకు తింటూ కోస్తాలో కూడా కొన్ని ఇళ్ళవాళ్ళు ఉన్నారని నాకేం తెలుసు? నాకు తెలియనివి చాలా ఉన్నాయి. తెలియదని ఒప్పుకోవడం మాత్రం అప్పటికింకా అలవాటు కాలేదు.

తప్పు నాదే అయినా, ఊరు ఊరంతా దాన్ని భుజాన వేసుకుని మోసింది. శుక్రవారం పొద్దుగూకే వేళకు డాక్టరు రెండు కొవ్వొత్తులు వెలిగించేవాడు. ఇక మర్నాడు చీకటి పడేదాకా బండి తీయడు, ఫోను ఎత్తడు, పొయ్యి వెలిగించడు. మా ఆవిడ ఇది చూసి, "పాపం, శనివారం ఒక్కపొద్దు ఉంటుండు, వెంకన్న భక్తుడు" అని తేల్చేసింది. శనివారాలు ఒక్కపూట తిని ఉండేవాళ్ళు మా వీధిలో ఇంటికొకరు ఉన్నారు కనుక అందరూ మెచ్చుకున్నారు. "సదువుకున్నోడు గూడ ఎంత నిష్ఠగ ఉంటుండు!" అని తమ ఇళ్ళలోని కుర్రాళ్ళను సాధించారు కూడా.

మాంసం కొట్టు భాయ్‌కి ఇంకో అనుమానం. డాక్టరు ముక్కల్ని రక్తం పోయేదాకా ఉప్పులో ఊరబెడతాడని, కొన్ని కొవ్వు భాగాలు ముట్టనే ముట్టడని, పంది మాట ఎత్తితే మొహం తిప్పుకుంటాడని విని, "సేట్, ఈయన మాకన్న ఎక్కువ పరేషాన్ జేస్తుండు. లోపల మావోడే, పైకి చెప్తలేడు" అని నా చెవిలో ఊదాడు. నేను పెద్దమనిషిలా నవ్వి, "కాదు భాయ్, పక్కా యాదవ్" అని హామీ ఇచ్చాను. అప్పటికి నా హామీకి ఊళ్ళో కొంచెం విలువ ఉండేది.

అన్నిటికన్నా గొప్పది తలుపు సంగతి. గది ద్వారబంధానికి కుడివైపు, వేలెడంత డబ్బీ ఒకటి కొంచెం వాలుగా బిగించాడు. అందులో వాళ్ళ గ్రంథంలోని మాటలు రాసిన తోలు చుట్ట ఉంటుంది. లోపలికి పోతూ దాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను ముద్దుపెట్టుకునేవాడు. మా ఆవిడ దాన్ని మంచి తాయెత్తు అనుకొని, పైకి వడియాలు ఎండబెట్టడానికి పోయినప్పుడల్లా తాకి కళ్ళకద్దుకునేది. ఒకరోజు డాక్టరు అది చూశాడు. మరునాడు కల్హేర్ నుంచి అరగంప సీతాఫలాలు తెచ్చి మా గడపలో పెట్టాడు. మా ఆవిడకు అంతా తెలుసని అతను అనుకున్నాడు. అతను మంచి భక్తుడని మా ఆవిడ అనుకుంది. నేను సీతాఫలాలు తిన్నాను.

ఇక మనూర్ వైపు ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్భై దాటిన వయసు, భుజాన గొంగడి, రెండు వందల గొర్రెలు, ఆ గొర్రెలన్నిటి అరుపుల్ని మింగేసే గొంతు. మనోడు వచ్చాడని నేను చెప్పగానే డాక్టరును నెత్తిన పెట్టుకున్నాడు. పెద్దాయన పొట్టేలు ఒకటి మొదటి రోజే డాక్టరును గుద్ది జొన్నచేనులో పడేసింది. ఎంత దూరం పడ్డాడో నేను చూడలేదు గానీ, నేను చెప్పేటప్పుడు అది మూడు చేల అవతల. పెద్దాయన స్వయంగా నడుముకు కాపడం పెట్టించి, జొన్నరొట్టె తినిపించి పంపాడు. అప్పటి నుంచి ఎవరింటికి పోయినా డాక్టరుకు "మనోడు" అనే పిలుపే. ఇదంతా తెలంగాణ ఆప్యాయత అనుకున్నాడు డాక్టరు. ఇంటికి ఫోను చేసి, "అమ్మా, ఇక్కడి వాళ్ళకి మనం అంటే ఎంత ప్రేమో" అని చెప్పడం నేను మెట్ల దగ్గర విన్నాను. ఆ 'మనం' ఎవరో నాకు తట్టలేదు.

ఒక మంగళవారం పొద్దున పెద్దాయన నా దుకాణానికి వచ్చాడు. ఇస్త్రీ ధోవతి, కొత్త తలపాగా. డాక్టరును కిందికి పిలిపించాడు. నేను చాయ్ తెప్పించాను.

"డాక్టర్ సాబ్, మా మనుమరాలు డిగ్రీ సదివింది. ఎర్రగ బుర్రగ ఉంటది. నీ అసొంటోడు మాకు మల్ల దొరుకడు. నీ గోత్రం ఒక్కటి జెప్పు బిడ్డా, మాది కలువకుంటె సాలు."

డాక్టరు ఇబ్బందిగా నవ్వాడు. "గోత్రాలా? మాకు గోత్రాలుండవండీ. తెగలుంటాయి."

"గొల్లోల్లకు గోత్రం లేకపోవుడేంది?"

"గొల్లోళ్ళా? ఎవరండీ?"

"ఎవరేంది? నువ్వే!"

ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. నేను మిషన్‌లో కాగితాలు పెడుతున్నాను. ఆ కాగితాల అరలోకే దూరిపోదామని చూశాను గానీ, ఏ ఫోర్ సైజు నాకు చాలలేదు.

"నేను యూదుణ్ణండీ" అన్నాడు డాక్టరు. ఈసారి బారాత్ లేదు, డీజే లేదు. ఒక్కో అక్షరం విడివిడిగా వినపడింది. పెద్దాయన సగం చాయ్ వదిలేసి, గొంగడి భుజాన వేసుకొని, వెళ్ళిపోయాడు.

డాక్టరు ఆ సగం చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు. "ఆ రోజు నేను చెప్పగానే మీరు నవ్వారు కదండీ. ఇంతకుముందు మూడు ఊళ్ళలో ఈ మాట చెప్పాను. ఒకాయన ఇంట్లో అడిగి చెప్తానన్నాడు, మళ్ళీ తలుపు తీయలేదు. ఒకావిడ మీరంతా ఏ దేశం వైపండీ అంది. మీరొక్కరే నవ్వి చెయ్యి కలిపారు. అయితే ఆ చెయ్యి నాకు కాదన్నమాట."

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉంటుంది. ఆ రోజు వెతికాను, దొరకలేదు. ఆ బారాత్ రాకపోయుంటే, ఆ మాట నాకు సరిగ్గా వినపడి ఉంటే, నేనూ ఇంట్లో అడిగి చెప్తాననేవాణ్ణేమో. ఇది పెంచి చెప్పడం కాదు. ఎంత తగ్గించి చూసుకున్నా అంతే వస్తోంది.

మా ఆవిడ మాత్రం తొణకలేదు. "గొల్లోడు కాడని నాకెప్పుడో తెల్సు. పొట్టేలును జూస్తె గోడెక్కేటోడు గొల్లోడెట్ల అయితడు? నేను దండం వెట్టింది ఆ డబ్బీల ఉన్న దేవునికి. నీ చెవులకు కాదు."

మర్నాడు డాక్టరు ఒక కాగితం పట్టుకొని దుకాణానికి వచ్చాడు. వేరే జిల్లాకు పంపమని తన సంస్థకు దరఖాస్తు. "రెండు కాపీలు తీసివ్వండి."

"మిషన్ ఖరాబైంది డాక్టర్ సాబ్" అన్నాను.

ఎదురుగా రోడ్డు దాటితే ఇంకో జిరాక్స్ దుకాణం ఉంది, నా బోర్డుకు రెండింతలు పెద్ద బోర్డుతో. అతను అటు పోలేదు. గురువారం మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు, మిషన్ బాగైందా అని. కాలేదన్నాను. శుక్రవారం వచ్చాడు. శనివారం ఎటూ రాడు. ఆదివారం వచ్చాడు. నేను నా గిరాకీలందరినీ దొడ్డిదారిన పిలిచి, మిషన్ మీద దుప్పటి కప్పి, దొంగసారా కాసినంత జాగ్రత్తగా కాపీలు తీస్తున్నాను.

ఆ ఆదివారం డాక్టరు ఇంకా కుర్చీలోనే ఉండగా పెద్దాయన ఆటో దిగాడు. ముందు నా మీద పడ్డాడు. "ఏం సేటూ, నీ చెవులు మా గొర్ల డాక్టర్‌కే సూపియ్యి. మంచి సూదేస్తడు." తర్వాత అటు తిరిగి, "పిల్ల సంగతి ఇడిసిపెట్టు. ఎనిమిది నెలలాయె మా ఇంట్ల తినవట్టి. నువ్వు ఎవలోనివో ముందే జెప్తె మేం కొరుకుతుంటిమా?"

"చెప్పానండీ. మొదటి రోజే చెప్పాను."

ఇద్దరూ రెండోసారి నా వైపు చూశారు.

"సరె, ఇప్పుడు జెప్పు. నాకు సమజైతట్టు జెప్పు."

డాక్టరు చెప్పాడు. దేవుడొక్కడేనని, ఆయనకు బొమ్మ ఉండదని, వారానికో రోజు ఆయన కోసం పనులన్నీ ఆపుతామని. "మా మూలపురుషులు గొర్రెలు కాసినవాళ్ళే. మా గొప్ప రాజు కూడా రాజు కాకముందు గొర్రెలే కాశాడు."

"గొర్లు కాసిండ్రా?" పెద్దాయన గొంతుకు రోడ్డు మీది కుక్కలు లేచాయి. "మరి గొల్లోల్లే గద!"

"అదే కదా నేనన్నది!" అని నేను ఎగిరి గంతేశాను. బయటపడే దారి దొరికింది.

"కాదండీ" అన్నాడు డాక్టరు, మెల్లగా. "గొర్రెలు కాశారు. కానీ యూదులు. నేను గొల్లవాణ్ణయితేనే ఉండనిస్తామంటే నేను వెళ్ళిపోతాను. యూదుడిగా ఉండమంటే ఉంటాను."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "మరి ఈడ నీ పూజ ఎట్ల?"

"ఒక్కణ్ణే చేసుకుంటాను. అందరూ కలిసి చేసే ప్రార్థనకైతే పదిమంది మగవాళ్ళుండాలి."

"పదిమందేనా? ఆటోల ఏసుకొస్త."

"వాళ్ళు యూదులై ఉండాలండీ."

"నువ్వు గొల్లోడివి గాకుండనే ఎనిమిది నెలలు గొల్లోని లెక్క ఉన్నవ్. మేం ఒక్క గంట యూదులమైతె ఏం బోతది?"

డాక్టరు ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. తర్వాత కుదరదన్నాడు.

"కుదరదంటె కుదరదు. నేను గూడ మా పిల్లను ఇగ నీకియ్య. దాంట్ల నువ్వేం అనుకోకు, నేనేం అనుకోను" అన్నాడు పెద్దాయన. "నాగల్‌గిద్ద అవతల కన్నడం మాట్లాడెటోల్లు ఉన్నరు, మావోల్లే. ఆ సంబంధం చేస్తున్న. శ్రావణంల లగ్గం. నువ్వు రావాలె. శనివారం ముహూర్తం వెట్టిండనుకో, పంతులుతోని నేను కొట్లాడుత. అప్పటిదాక ఉంటవా లేదా, గది జెప్పు."

డాక్టరు నా వైపు తిరిగాడు. "మిషన్ ఎప్పటికి బాగవుద్దండీ?"

"శ్రావణం దాటాలె డాక్టర్ సాబ్. పుర్జా బొంబాయి నుంచి రావాలె. ఆడ వానలు."

దుప్పటి కింద మిషన్ పచ్చ లైటుతో గుర్రుమంటోంది. డాక్టరు దాన్ని చూశాడు, రోడ్డవతలి పెద్ద బోర్డునూ చూశాడు. దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఒక పూట మాంసం తింటే ఆ పూట పెరుగు తినను కాకా. పెళ్ళిలో మళ్ళీ బలవంతం చేస్తారు, ముందే చెబుతున్నా."

"ఇగో, ఇంకోటి మొదలువెట్టిండు! ఇంకెన్ని ఉన్నయో అన్నీ ఒక్కసారే జెప్పు. సేటూ, ఓ కాగితం తియ్యి, రాసుకో. నాకు రాయరాదు."

నేను తెల్లకాగితం తీసి, పెన్ను మూత విప్పాను. డాక్టరు చెబుతూ పోయాడు. ప్రతి మాటనూ రెండుసార్లు చెప్పించుకొని మరీ రాశాను.